క్యూలో మిగిలిన కాగితం

కుతాయిసి నీటి సరఫరా ఆఫీసులో
మూడో అంతస్తు ప్రింటరుకి
రోజూ మధ్యాహ్నం మూడింటికి ప్రాణం పోతుంది.
మూడూ పదికి అదే లేస్తుంది,
ఏమీ ఎరగనట్టు.

ఫోన్ నాకే వస్తుంది. నేలమాళిగలో ఉంటాం
వైర్లూ, చచ్చిన కీబోర్డులూ, నేనూ.
"మాక్వాలా, మళ్ళీ పోయింది" అంటుంది త్సియూరి,
నేనే పీక నొక్కినట్టు.
మెట్లెక్కుతాను. లిఫ్టు సంగతి అడక్కండి,
దానికి వేరే శాఖ ఉంది.

ముందు డ్రైవరు మార్చాను.
మార్చగానే బిల్లుల మీద జనం పేర్లన్నీ
చిన్న చిన్న డబ్బాలై వచ్చాయి.
ముప్ఫైమూడు అక్షరాల భాష మాది,
ద్రాక్షతీగలా మెలికలు తిరుగుతుంది.
దాన్నంతా పీకేసి
ఖాళీ గదులు కట్టింది ఆ యంత్రం.
ఓ పెద్దాయన బిల్లు పట్టుకొచ్చి
"ఇందులో నేనెక్కడమ్మా?" అన్నాడు.
మూడో డబ్బా నుంచి పదో డబ్బా దాకా మీరే, అన్నాను.
ఆయన వేలితో లెక్కపెట్టుకుని
ఒకటి తక్కువైందన్నాడు.

పాత డ్రైవరే పెట్టాను. పేర్లు తిరిగొచ్చాయి.
మూడింటి చావు మాత్రం మూడింటికే.

కేబుల్ మార్చాను. పోర్టు మార్చాను.
త్బిలిసి హెల్ప్‌లైన్‌లో గంటసేపు పియానో విన్నాను.
చివరికి ఓ కుర్రాడు లైన్లోకొచ్చి
"ఆపి మళ్ళీ ఆన్ చేశారా?" అన్నాడు.
బాబూ, ఆ పని అది రోజూ
తనంతట తనే చేసుకుంటోంది.

ఈ గోలలోనే గోచా పాస్‌వర్డ్ గడువు తీరింది.
కొత్తదాంట్లో ఒక పెద్దక్షరం ఉండి తీరాలట.
మా రాతలో పెద్దవీ చిన్నవీ అని తేడా లేదు,
అన్నీ సహపంక్తినే కూర్చుంటాయి.
"పెద్దదంటే ఎంత?" అని గోచా
కీ మీద వేలు గట్టిగా నొక్కి చూశాడు.
మూడుసార్లు.
ఖాతా తలుపు మూసుకుంది.

మొన్న గురువారం ఒకటే వాన.
రియోని నది టీ రంగుకి తిరిగింది.
పని లేక, కాదు, పని ఎగ్గొట్టి,
పాత సర్వర్‌లో ప్రింట్ క్యూ తెరిచాను.
అన్నిటికన్నా అడుగున ఒక ఫైలు.
పదకొండు నెలలుగా వేచి ఉంది.
పంపినవారు: లమారా.

లెక్కల విభాగం లమారా.
ఆవిడ రిటైరైన రోజు కేకు కోశాం,
మంచిమాటలు ఒకరి నోట్లోంచి ఒకరం లాక్కుని మాట్లాడాం.
ఆవిడ మాటిమాటికీ ప్రింటరు దగ్గరికెళ్ళి
ట్రేలోకి తొంగిచూసి వచ్చింది.
బెంగ అనుకున్నాం.
త్సియూరి కళ్ళు కూడా తుడుచుకుంది.

ఫైలుని కొత్త క్యూలోకి తోసి
రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తాను.
ప్రింటరు గొంతు సవరించుకుంది.
వెచ్చటి కాగితం ఒకటి
ముఖం కిందికి పెట్టుకుని వచ్చింది.
ముగ్గురం ఉన్నాం, తిప్పే చెయ్యి ఒక్కటీ లేదు.
తిట్లా? ఎవరి మీదైనా ఫిర్యాదా?
ఇన్నేళ్ళూ దాచుకున్న మాటేదైనా?

గోచా తిప్పాడు. లావుపాటి అక్షరాలు, నట్టనడుమ:
"కెటిల్‌నీ ప్రింటరునీ ఒకే బోర్డుకి తగిలించకండి.
తొమ్మిదిసార్లు నోటితో చెప్పాను."

గోడ గడియారం మూడుకి రెండు నిమిషాలు తక్కువ.
త్సియూరి వేలు కెటిల్ స్విచ్చి మీదే ఆగిపోయింది,
బెల్లం డబ్బాలో దొరికిన చెయ్యిలా.

కెటిల్ కిటికీ పక్కకి మారింది.
మూడైంది. మూడూ పదైంది.
ప్రింటరు చావలేదు.
మాకెందుకో కాస్త వెలితిగా కూడా ఉంది.

లమారాకి ఫోన్ చేశాను:
"మీ కాగితం ఇప్పుడొచ్చింది."
అవతల గిన్నెల చప్పుడు ఆగింది.
"రెండు పేజీలు కదా అది?
రెండోది చదివారా?"

ట్రేలో కాగితాలైపోయాయి.
గోచా కొత్త కట్ట కోసం స్టోరు రూముకి పరిగెత్తాడు.
నేనూ త్సియూరీ
ఆ రోజు ఆవిడ నిలబడ్డ చోటే నిలబడి
ఖాళీ ట్రేలోకి
తొంగి తొంగి చూస్తున్నాం.